వరికి మ్యాచింగ్ దారం

టైలరమ్మ లెక్కలో పచ్చరంగు ఒకటి కాదు, పాతిక. గుడ్డముక్క చూపిస్తే చాలు, డబ్బాలో చెయ్యి పెట్టి అచ్చం దానికి కలిసే దారం తీసేది. ఆ కన్ను గౌన్లకూ యూనిఫారాలకూ పనికొస్తుందని అందరూ ఒప్పుకున్నారు. వరిచేనుకూ పనికొస్తుందని ఆవిడ అన్నప్పుడు మాత్రం ఇంటిల్లిపాదీ నవ్వారు.

మొగుడు లారీ డ్రైవరు, ఇంట్లో చుట్టంలాగే కనిపిస్తాడు. మామగారికి మోకాళ్లు మొరాయించాయి. ఇంటి వెనకున్న కాస్త చేనూ కౌలుకిచ్చేద్దామని ఆయన అంటుంటే కోడలు అడ్డుపడింది.

"ఒక్క పంట నా చేతికివ్వండి మావయ్యా."

"సరే. దెబ్బతిన్నావో, చేను బస్తా బాబాయికే. మళ్ళీ నోరెత్తకూడదు."

బస్తా బాబాయిది పక్క చేను, మామగారికి బావ వరస. యూరియా చల్లడంలో ఆయనది ఎముక లేని చెయ్యి. చేను నల్లగా నిగనిగలాడితే గానీ ఆయనకు అన్నం సయించదు. ఆ నిగనిగ చూసి పురుగు దిగితే మాత్రం, పాపం, అది దేవుడి తప్పు!

ఆ ఏడు వ్యవసాయాధికారి ఆకు రంగు పోల్చుకునే అట్ట ఒకటి తెచ్చి, వీధి మొత్తానికీ అదొక్కటే ఇచ్చి వెళ్లింది. ఆకు ఈ రంగు కన్నా పాలిపోయి ఉంటే చేనుకు ఆకలేస్తున్నట్టు, కొంచెం యూరియా వెయ్యండి. ఈ రంగుంటే ఆగండి, ఆపైన వేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే అని చెప్పింది. టైలరమ్మ ఆ రంగుకు కలిసే దారపు రీలొకటి తీసిపెట్టుకుని, అట్టను పక్కింటికి పంపేసింది. వారం వారం చేలోకి వెళ్లి, ఎండకు వీపు పెట్టి, ఆకు పక్కన దారం ఆనించి చూసేది.

"వరికి గౌను కుడుతున్నావా అమ్మాయ్?" బాబాయి గట్టు మీద నుంచి కేకేశాడు.

"కొలత తీసుకోకుండా కత్తెర పెట్టను బాబాయ్!"

నవ్విన నాపచేనే పండుతుందంటారు. పండేదాకా ఆ నవ్వులు ఎవరు భరించాలో మాత్రం ఎవరూ చెప్పరు.

మొదట్లో అంతా సవ్యంగానే సాగింది. ఆకలన్నప్పుడు మడిలో నీళ్లు తీసి, బురద మీద కొద్దిగా చల్లి, తర్వాత నీళ్లు కట్టింది. ఆ తర్వాత ఎప్పుడు చూసినా ఆకు నిండుగానే కనిపించసాగింది. మామగారు గొణగడం మొదలుపెట్టాడు.

"చేను పాలిపోతోంది అమ్మాయ్."

"దారం బాగానే ఉందంటోంది మావయ్యా."

"చేనుకే నోరుంటే నీ దారాన్ని తిట్టేది!"

ఆవిడ వినలేదు. పట్టుదల మంచిదే, కానీ కళ్లు మూసుకుని పడితే కష్టం.

ఆ వారమే ఒక తల్లి పిల్ల ఆకుపచ్చ యూనిఫారం తెచ్చి బల్ల మీద పడేసింది. "కొత్త గౌనుకు ఈ వెలిసిపోయిన కుట్టేంటమ్మా?"

తొందరలో చేనుకు పెట్టుకున్న రీలునే మిషనుకు ఎక్కించిందని టైలరమ్మకు అప్పుడు తెలిసింది. ఆ రీలుండేది కిటికీలో, ఎండలో. గబగబా నాలుగు బారలు లాగేసింది. లోపలి దారం నవనవలాడుతోంది.

"నా బుద్ధి మండా! వెలిసింది దారమా!"

వెలిసిన దారం పక్కన ఆకలేసిన ఆకు కూడా కడుపు నిండినట్టే కనబడుతుంది మరి. మెడలో టేపు మెడలో ఉండగానే చేనుకు పరుగెత్తింది. కొత్త దారం ఆనిస్తే ఆకు వెలవెలబోయింది. కౌలు మాట గుర్తొచ్చింది.

"మీరే కరెక్టు మావయ్యా!" అని గట్టు మీంచే అరిచింది.

కోడలి నోట ఆ మాట వింటానని ఆయన కలలో కూడా అనుకోలేదు. మోకాళ్ల సంగతి మర్చిపోయి వచ్చి, తనే మడి గండి కొట్టి నీళ్లు తీశాడు. ఆవిడ కొలిచినంతే చల్లి చేతులు దులుపుకుంది.

"అంతేనా?"

"అంతే. ఆకలికి అన్నం పెట్టాలి గానీ అజీర్తి చెయ్యకూడదు."

వారం తిరిగేసరికి చేను కళకళలాడింది. అప్పటినుంచి ఆవిడ గడప దాటుతుంటే చాలు, "పై పొర తీశావా?" అని మామగారు వెనకనుంచి అరిచేవాడు.

గింజ గట్టిపడే వేళకు గాలీవానా వచ్చాయి. ఏపుగా పెరిగిన బాబాయి వరి చాపలా పరుచుకుంది. టైలరమ్మది కంకి వంచి నిలబడింది. కోత రోజున ధాన్యం కుప్ప చుట్టూ ఆవిడ తిరిగిన తిరుగుడు చూస్తే, ఎవరికైనా నవ్వొచ్చేది, ముచ్చటేసేది.

బాబాయి రానే వచ్చాడు. "మహత్యమంతా నీ నేలలో ఉంది బావా! ఆ చేను నాకు కౌలుకిస్తానన్నావుగా?"

మామగారు కుర్చీలోంచి లేవలేదు. "నన్నడుగుతావేంటి? రైతు లోపలుంది, అడుగు."

మిషను టక్కున ఆగింది. ఇన్నేళ్లలో ఆవిడను ఆ మాటతో పిలిచినవాళ్లు లేరు. జవాబు చెబుదామంటే నోటినిండా గుండుసూదులు. కళ్లనీళ్లతో, పెదవులు బిగించుకునే నవ్వుతూ, మెడలు విరిగేలా తల అడ్డంగా ఊపింది.

"ఇవ్వనంటోంది బావా," అన్నాడు మామగారు, మీసం దువ్వుకుంటూ.