వాపస్ పరుశురాం

పరుశురాం ఎక్కడ డబ్బు పెట్టినా, ముందు దాన్ని వెనక్కి తీసి చూసేవాడు. తిరిగి చేతికొస్తేనే అది డబ్బని, రాకపోతే ఉత్త కాగితమని ఆయన నమ్మకం. గుజరాత్‌లోని ఉధ్నాలో సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానాలున్న ఆ గల్లీలో తెలుగువాళ్లంతా అందుకే ఆయన్ని వాపస్ పరుశురాం అనేవాళ్లు. ఎదురుగానే అనేవాళ్లు. ఆయనా పలికేవాడు.

ఆయన సాంచాలు బాగుచేసే మిస్త్రీ. నెలకోసారి, మొదటి శనివారం, పూట సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బ్యాంకుకు వెళ్లేవాడు. ఖాతా మూతపడకుండా ఉండేంత ఉంచి మిగతాదంతా తీసేవాడు. గోడ పక్క బెంచీ మీద కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టేవాడు. కాసేపు ఒళ్లో పెట్టుకుని, మళ్లీ వరుసలో నిలబడి అదే డబ్బు అదే కిటికీలో కట్టేసేవాడు. కిటికీ వెనకున్న మేడమ్ మొదట్లో నవ్వింది, తర్వాత విసుక్కుంది, చివరికి మొదటి శనివారం ఆయన నోట్లను ముందే ఒక పక్కన సిద్ధంగా పెట్టుకోవడం నేర్చుకుంది.

ఒకసారి అర గ్రాము బంగారు నాణెం కొన్నాడు. రోడ్డు దాటి చాయ్ తాగి వచ్చి, అదే దుకాణంలో దాన్ని అమ్మజూపాడు. మూడు వందలు తక్కువిస్తామన్నారు. చాయ్ తాగేలోపల మూడు వందలు ఎటు పోయినయని అడిగాడు. వాళ్ల దగ్గర జవాబుంది గానీ, అది ఆయనకు చెప్పడానికి గంట పట్టింది. ఊరికి రైలు టికెట్ తీసుకున్నా, ఒకటి రద్దు చేసి డబ్బులొచ్చాయని చూసుకున్నాకే అసలుది తీసుకునేవాడు. భార్య కొమురవ్వ మాత్రం, “నన్ను గూడ ఒకపారి మా అవ్వగారింటికి వాపస్ పంపి చూసిండు. నాలుగు దినాలకు ఆయనే వచ్చి తీస్కపోయిండు” అనేది.

బ్యాంకుకు ఎప్పుడూ ఒంటరిగా వెళ్లడు. తనకు ఫారం నింపడం రాదంటూ గల్లీలోని పడుచువాళ్లలో ఎవరో ఒకరిని వెంటబెట్టుకుపోయేవాడు. పద్దెనిమిదేళ్లప్పుడు ఆ గల్లీ పిల్ల సంతోషి అలాగే వెళ్లింది. ఆయన లెక్కపెట్టుకుంటున్నంతసేపు ఊరికే కూర్చోవడం దేనికని, ఆయనే అంటే, తన పేర ఒక ఖాతా తెరుచుకుంది.

ఇప్పుడు ఆమెకు ఇరవై రెండు. టెక్స్‌టైల్ మార్కెట్‌లో ఒక చీరల దుకాణంలో బిల్లులు రాస్తుంది. తల్లి కనకవ్వ కార్ఖానాలో కండెలు చుడుతుంది. ఇద్దరూ ఉండేది ఆ కార్ఖానా వెనకే, ఒకే గదిలో. పగారులోంచి నెలనెలా మిగిల్చి, నాలుగేళ్లలో సంతోషి తొంభై వేలు కూడబెట్టింది.

ఆ చీరల దుకాణానికే ఒకాయన వస్తుండేవాడు. దగ్గర్లోని కడోదరాలో ఆఫీసు తెరిచాడు. డబ్బు కడితే నూటికి నెలకు మూడు రూపాయలిస్తానన్నాడు. తోటి అమ్మాయిలిద్దరు కట్టారు. సంతోషి వెళ్లి పరుశురాంకు చెప్పింది. ఆయన ఎప్పటిలాగే, ఐదు వేలు కట్టి నెలయినాక వాపస్ అడిగి చూడమన్నాడు. ఆమె అలాగే చేసింది. ఐదు వేలూ వచ్చాయి, పైన నూట యాభై వచ్చాయి, దానితో పాటు ఒక డబ్బాలో ఘారీ మిఠాయి కూడా వచ్చింది. గల్లీ అంతా ఆ మిఠాయి తిని, వాపస్ పరుశురాం పరీక్షలో కంపెనీ పాసయిందని నవ్వుకుంది. సోమవారం మొత్తం తొంభై వేలూ కట్టేయాలని సంతోషి నిశ్చయించుకుంది.

ఆదివారం పొద్దున పరుశురాం వచ్చి గడప మీద కూర్చున్నాడు. కనకవ్వ ఇచ్చిన చాయ్ పక్కన పెట్టాడు.

“నా పరీక్షనే తప్పు బిడ్డా, ముందుగాల చెప్పనీకే సిగ్గయింది,” అన్నాడు. “పద్దెనిమిదేండ్ల కింద నాకు గూడ గిట్లనే ఐదు వేలు వాపస్ వచ్చినయ్. వచ్చినయ్ గదా అని నేనే ఆగయ్యకు చెప్పిన.”

ఆగయ్య ఆ రోజుల్లో ఆయనతో పనిచేసినవాడు. ఇల్లు కొనడానికి దాచుకున్నదంతా పరుశురాం మాట మీద కట్టాడు. నెల తిరక్కుండా ఆఫీసుకు తాళం పడింది. ఆగయ్య ఒక్క మాట అనలేదు. అనకపోవడమే పరుశురాంను నిద్రపోనివ్వలేదు. ఆ డబ్బు తన పగారులోంచి ఆగయ్యకు తీర్చడానికి ఆయనకు ఏడేళ్లు పట్టింది.

“కొంచెం వాపస్ ఇచ్చేది, అంతా గుంజనీకే. ఆ ఆఫీసాయనను, నా పైసలతోని నువ్వు ఏం పని చేసి నెలకు మూడు తెస్తున్నవని అడుగు. కాగితం మీద రాసియ్యమను,” అని చెప్పి పరుశురాం వెళ్లిపోయాడు.

సంతోషి అడిగింది. కడోదరా ఆయన నవ్వి, అది వ్యాపార రహస్యమన్నాడు. నమ్మకం లేనివాళ్లను తాను బలవంతపెట్టనన్నాడు. తోటి అమ్మాయిలు ఆమె వంక చూశారు. ఆ చూపులకు తాళలేక ఇరవై వేలు కట్టింది. డెబ్భై వేలు మాత్రం కదిలించలేదు. రెండు నెలలు వడ్డీ వచ్చింది. మూడో నెల షట్టరు దించేసి ఉంది.

ఆ వారమంతా ఆమె పరుశురాం ఇంటి ముందు నుంచి పోకుండా చుట్టు తిరిగి వెళ్లింది. శనివారం ఆయనే వచ్చి, ఫారం నింపాలి రమ్మన్నాడు. దారి పొడుగునా ఆ ఇరవై వేల ఊసెత్తలేదు.

బ్యాంకులో ఆమె చేతికి అక్షరం రాలేదు. ఫారం వదిలేసి బయట కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చింది. వచ్చేసరికి పరుశురాం ఒక ముసలామె పక్కన కూర్చుని ఆమె ఫారం నింపుతున్నాడు. గుజరాతీలో, గుండ్రటి అక్షరాలతో, ఎక్కడా ఆగకుండా.

సంతోషి కిటికీ వైపు చూసింది. మేడమ్ నవ్వి, ఇక్కడ సగంమంది ఫారాలు ఆయనే నింపుతాడనీ, తన వెంట వచ్చినవాళ్ల చేత మాత్రం తనది నింపించుకుంటాడనీ హిందీలో చెప్పింది. అలా వచ్చి ఖాతా తెరుచుకున్నవాళ్లు ముప్పై ఒక్కరట.

“మరి రాదని ఎందుకన్నవ్ మామా?”

పరుశురాం నింపిన ఫారం ముసలామె చేతికిచ్చాడు. “ఖాతా తెరువ రాండ్రి అంటే ఎవలస్తరు బిడ్డా? ముసలోనికి సాయమంటే ఒస్తరు. పెట్టిన పైసలు మొత్తం చేతికొచ్చుడు కండ్ల చూస్తె ధైర్యమైతది. నేను తీసి లెక్కపెట్టేది మీరు చూడనీకే.”

సంతోషి ఆయన ఫారం తీసుకుని నింపింది.

ఆ రోజే ఇద్దరూ లోపలి ఆఫీసరు దగ్గర కూర్చున్నారు. జబ్బుకూ, పని లేని నెలలకూ ముప్పై వేలు ఖాతాలోనే ఉంచమన్నాడు ఆఫీసరు. మిగతాది డిపాజిట్ చేయమన్నాడు. ఎన్నో ఏళ్లు ముట్టుకోనంటే నెలకు రెండు వేలు మ్యూచువల్ ఫండ్‌లో వేసుకోవచ్చని, అది పెరగవచ్చు, తగ్గనూవచ్చని చెప్పాడు. పరుశురాం ఆయన్ని అడిగినవే మూడుసార్లు అడిగాడు. పాపం, ఆఫీసరు భోజనం డబ్బా చల్లారిపోయింది. బయటికొస్తూ, “తక్కువైతదని ముందుగాలనే చెప్పిండు. ఈయన మంచోడు” అన్నాడు.

మెట్ల మీద ఆగి, ఇంతకూ ఆ డబ్బు దేనికని ఆమెను అడిగాడు. అంతవరకు ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. సాంచాల చప్పుడు వినబడని చోట అమ్మకు ఒక గది కొనాలని, అందుకు ఎనిమిదేళ్లు పట్టవచ్చని చెప్పింది.

“ఎనిమిదేండ్లా,” అని పరుశురాం వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. “నాకు అరవై నాలుగొస్తయ్. ఆ గదిల చాయ్ తాగాలంటే బీడీలు బంద్ చెయ్యాలె.”

జేబులోంచి బీడీ కట్ట తీసి చాలాసేపు దాని వంకే చూశాడు. తర్వాత ఒకటి ముట్టించుకుని, “రేపటి సంది” అన్నాడు.