ఆపేస్తే ఆయన గొంతు పోతుందా?

ఆసుపత్రి కింది అంతస్తులో, దుప్పట్లు ఉతికే గదిని ఆనుకుని ఆమె గది ఉండేది. పక్కన యంత్రాలు తిరుగుతున్నంతసేపూ గోడ సన్నగా అదురుతూ ఉండేది. లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు ఒక నిలువుటద్దం. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళను ఆ అద్దం ముందు కూర్చోబెట్టి, పెదవులు ఎలా కలపాలో, నాలుక ఎక్కడ ఆనించాలో చూపిస్తూ మళ్ళీ మాటలు నేర్పించడం ఆమె పని. ఆ చదువుకు పెద్ద పేరే ఉంది గానీ ఎవరికీ నోరు తిరిగేది కాదు. రోగుల ఇంటివాళ్ళు ఆమెను మాటలమ్మ అనేవారు. పోను పోను డాక్టర్లూ అలాగే పిలవడం మొదలుపెట్టారు. ఆమె ఓపికను అందరూ మెచ్చుకునేవారు. ఆ ఓపికలో ఇంటికి వచ్చేసరికి పిసరంత కూడా మిగలదని మాత్రం, బళ్ళో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసే ఆమె భర్తకు బాగా తెలుసు.

రోగులు ఆసుపత్రిలో ఉండేది కొద్ది రోజులే. అసలు కష్టం ఇంటికి వెళ్ళాక మొదలయ్యేది. ఒక బస్సు డ్రైవరు ఉండేవాడు. ఇంటికి పంపేనాటికి నీళ్ళు, తలుపు, నొప్పి, చాలు లాంటి మాటలు కొన్ని తడబడుతూనైనా పలికేవాడు. కొన్ని నెలల తర్వాత పరీక్షకు తీసుకొస్తే వాటిలో ఒక్కటే మిగిలి ఉంది. ఏమైందని అడిగితే అతని భార్య తల వంచుకుంది.

“పొద్దున్నే నేను కుట్టుపనికి పోతానమ్మా. కూర్చుని పలికించేదెవరు? కొన్నాళ్ళు చేశాం. తర్వాత ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు, నేనూ ఊరుకున్నాను.”

ఆ మాట మాటలమ్మను వదల్లేదు. ఆమె తమ్ముడు ఒక కంపెనీలో ఫోన్లకు ప్రోగ్రాములు రాసేవాడు. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు అతనితో ఈ సంగతి ఎత్తింది. ఫోను లేని ఇల్లు లేదు కదా, నా బదులు అది కూర్చుని పలికించలేదా అని. తమ్ముడు తింటున్నవాడల్లా ఆగి, పలికించగలదన్నాడు. తెర మీద వస్తువు బొమ్మ ఉంటుంది, పక్కనే నీ నోరు కదలడం కనబడుతుంది, నీ గొంతు వినబడుతుంది, అవతలి మనిషి పలికింది రికార్డయి మళ్ళీ వాళ్ళకే వినబడుతుంది అని వేలితో బల్ల మీద గీసి చూపించాడు.

అలా మొదలైంది. బొమ్మలు మాస్టారు వేశాడు. దుప్పటి బొమ్మ చూసి బావమరిది దాన్ని కొండ అనుకున్నందుకు కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు కూడా. ఆమె గొంతు రికార్డు చేయడానికి ఇంట్లో నిశ్శబ్దంగా ఉండే చోటు దొరకలేదు. చివరికి బీరువా తలుపులు బార్లా తీసి, వేలాడే బట్టల మధ్య తల దూర్చి ఒక్కొక్క మాటా చెప్పేది. మాస్టారు ఫ్యాను ఆపేసి కిటికీ దగ్గర కాపలా ఉండేవాడు. “ఇంతకాలం నీ నోటికి భయపడినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇకమీదట ఊరంతా భయపడుతుంది” అన్నాడొకసారి. ఆమె నవ్వు రికార్డులో పడి ఆ మాట మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

మొదట యాప్‌ను ఉచితంగానే ఇచ్చారు. చాలామంది తీసుకున్నారు, కొన్నాళ్ళు చూశారు, వదిలేశారు. నెల చందా పెడదామన్నది తమ్ముడు. మాట పడిపోయినవాళ్ళ దగ్గర వసూలు చేయడానికి ఆమెకు మనసొప్పలేదు. తమ్ముడు నచ్చజెప్పాడు.

“ఊరికే ఇస్తే నీ మంచితనం ఏడాది నిలుస్తుంది అక్కా. ఆ తర్వాత మూసేస్తాం. అప్పుడు వాళ్ళెక్కడికి పోతారు?”

ఆమె ఒప్పుకుంది. మొదటి వారం ఉచితం, తర్వాత కొద్దిపాటి చందా అని నిర్ణయించారు. అప్పుడు ఇద్దరూ ఊహించనిది జరిగింది. చందా కట్టినవాళ్ళు రోజూ పాఠానికి కూర్చున్నారు. కొందరికి మాటలు తిరిగి వచ్చాయి. వాళ్ళు ఇంకొందరికి చెప్పారు. ఆమెతో పనిచేసిన డాక్టర్లు తమ రోగులకు చెప్పారు. తమ్ముడు ఉద్యోగం మానేశాడు, ఆ మరుసటి ఏడు ఆమె కూడా ఆసుపత్రి వదిలేసింది. కళ్ళద్దాల దుకాణం పైన ఒక అంతస్తు అద్దెకు తీసుకున్నారు. మెట్లు ఇరుగ్గా ఉండేవి, ఒకరు దిగుతుంటే ఎక్కేవాళ్ళు ఆగాలి. పాఠాలకు వీడియోలు తీయడానికి, చందాదారుల ఫోన్లు చూడడానికి, ఇంకా రకరకాల పనులకు మనుషులు చేరారు. గోడ మీద ఒక తెర పెట్టారు. అందులో చందాదారుల సంఖ్య ఒక గీతగా పైకి పాకుతూ ఉండేది. తమ్ముడు భుజాన సంచీ దించకముందే దాని వంక చూసేవాడు.

ఆ గీత పాకడం కోసం అతను చాలా నేర్చుకున్నాడు. ఉచిత వారం అయిపోగానే ఎవరినీ అడగకుండా చందా డబ్బు వాళ్ళ ఖాతాలోంచి దానంతటదే కట్ అయ్యేలా చేశాడు. చందా ఆపేసుకునే చోటు మొదట ముందు పేజీలో ఉండేది. దాన్ని లోపలికి జరిపాడు, కొన్నాళ్ళకు ఇంకా లోపలికి. ప్రతిసారీ అక్కకు చెప్పే చేశాడు. కొత్త పాఠాల పనిలో మునిగి ఉన్న ఆమె సరేనని తలూపింది.

ఒక మధ్యాహ్నం ఫోన్లు చూసే అమ్మాయి భోజనానికి వెళ్ళినప్పుడు ఫోను మోగుతూనే ఉంది. మాటలమ్మే తీసింది. అవతల ఒక పెద్దావిడ. భర్త తాపీమేస్త్రీ అట. పక్షవాతం వచ్చాక ఏడాదిపాటు ఈ యాప్‌తోనే పలకడం నేర్చుకున్నాడట. చలికాలంలో రెండోసారి వచ్చి, పోయాడు. అయినా రోజూ పొద్దున్నే ఫోను పలకరిస్తూనే ఉంది, రండి, ఇవాళ్టి పాఠం మొదలుపెడదాం అని. ఆ పలకరింపు మాటలమ్మ గొంతే. బీరువాలో తల దూర్చి చెప్పినది.

“ఆపుదామని చూశానమ్మా” అంది పెద్దావిడ. “ఎక్కడ ఆపాలో మా కోడలు వెతికి పెట్టింది. ఎందుకు మానేస్తున్నారని అడిగింది ఫోను. ధర ఎక్కువా, ఉపయోగం లేదా, ఇంకోటి దొరికిందా, తర్వాత చూస్తారా అని నాలుగిచ్చారు. మనిషి పోయాడని అందులో లేదు.”

మాటలమ్మ ఏదో చెప్పబోయింది. పెద్దావిడ ఆపింది.

“నేనడిగేది అది కాదులే. కింద ఇంకో ముక్క ఉంది, ఆపేస్తే రికార్డులన్నీ చెరిగిపోతాయని. ఆయన పలికినవన్నీ ఇందులోనే కదా ఉన్నాయి. అంటే, చందా ఆపేస్తే ఆయన గొంతు పోతుందా?”

పెద్దావిడ తనే మళ్ళీ అంది.

“చివర్లో నన్ను ఏమేవ్ అని పిలవడం వచ్చిందమ్మా ఆయనకి. ఆ పిలుపు ఇంకెక్కడా లేదు.”

పోదు, పోనివ్వను, నేను చూసుకుంటాను అని మాటలమ్మ మాట ఇచ్చింది. భోజనం చేసి వచ్చిన అమ్మాయిని, ఇలాంటి ఫోన్లు ఎప్పుడైనా వచ్చాయా అని అడిగింది. వస్తూనే ఉంటాయంది ఆ అమ్మాయి. మానేస్తామన్నవాళ్ళకు సగం ధరకే ఇస్తామని చెప్పమన్నారు, అలాగే చెబుతున్నాను అంది. “మీకు తెలుసనుకున్నానండీ” అంది. ఇద్దరూ కూర్చుని చూస్తే, నెలల తరబడి యాప్ తెరవకుండా చందా మాత్రం కడుతున్నవాళ్ళు దగ్గర దగ్గర నాలుగో వంతు ఉన్నారు.

ఆ సాయంత్రం అక్కా తమ్ముళ్ళు గాజు తలుపు వేసుకుని మాట్లాడుకున్నారు. తమ్ముడు చెడ్డవాడు కాదు. ఆ పెద్దావిడకు రికార్డులు పంపుదాం, క్షమించమని అడుగుదాం, కారణాల్లో ఐదోది చేరుద్దాం అన్నాడు. కానీ యాప్ తెరవనివాళ్ళందరికీ చందా ఆపుకోమని మనమే చెబితే గీత పడిపోతుంది, వచ్చే నెల పెట్టుబడి పెట్టే ఆయన చూడడానికి వస్తున్నాడు, ఇంతమంది జీతాలు ఆయన మీద ఆధారపడి ఉన్నాయి అన్నాడు. ఏ యాప్ అయినా ఇంతే కదా అన్నాడు.

“మొగుడు పోయిన మనిషిని నేను రోజూ పొద్దున్నే పాఠానికి రమ్మని పిలుస్తున్నానురా” అంది ఆమె. “పిలుస్తూ డబ్బు తీసుకుంటున్నాను.”

“నీ చేత్తో నువ్వే పడగొట్టుకుంటానంటే నేనేం చెప్పను అక్కా” అని అతను లేచిపోయాడు.

ఆమె తన మాట మీదే నిలబడింది. రెండు నెలలు తెరవనివాళ్ళ చందా దానంతటదే ఆగిపోవాలి, ఆ సంగతి వాళ్ళకు చెప్పాలి. ఆపేసుకునే మీట ముందు పేజీలో ఉండాలి. రికార్డులు ఆ ఇంటివాళ్ళవి, అడిగినవాళ్ళకు ఊరికే ఇచ్చేయాలి. పెట్టుబడి పెట్టే ఆయన వచ్చాడు, టీ తాగాడు, గోడ మీద కిందికి వంగిన గీతను చూశాడు, ఎంతో మర్యాదగా మాట్లాడి వెళ్ళాడు. మళ్ళీ ఫోను చేయలేదు. ఇద్దరిని పనిలోంచి తీసేయాల్సి వచ్చింది. అందులో ఒకడు వీడియోలు తీసే అతను. సొంతంగా చేసుకుంటున్న ఫోటోల పని మానుకుని, ఆమె పిలిస్తే వచ్చినవాడు. ఆ కబురు ఎవరి చేతా చెప్పించకుండా ఆమే చెప్పింది. అతను కెమెరాను సంచీలో సర్దుకుంటూ విన్నాడు.

“మీరు చేసింది మంచి పనేనండీ” అన్నాడు. “మీ మంచితనానికి పోయింది మాత్రం నా జీతం.”

అందులో కాదనడానికేమీ లేదు.

రికార్డులను బయటికి తీయడం తమ్ముడొక్కడికే తెలిసిన పని. అక్కతో మాట్లాడకపోయినా పని ఎగ్గొట్టలేదు. మొదట మేస్త్రీగారివి తీశాడు. సరిగ్గా వచ్చాయో లేదో చూడాలంటే వినాలి. పెద్దావిడను అడిగితే, విను నాయనా, ఆయన గొంతు ఎవరైనా వింటే నాకు సంతోషమే అంది. అతను చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు. అందులో గిన్నెల చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు, ఎవరో దగ్గడం. మేస్త్రీ తలుపు అనబోయి తలపు అన్నాడు. “ఈ వయసులో తలపులేమిటండీ, తలుపు అనండి” అంటూ పెద్దావిడ పక్కనుంచి నవ్వింది. ఆయనా నవ్వాడు. చాలాసేపు గొంతు పెనుగులాడి పెనుగులాడి, ఏమేవ్ అని పిలుపు వచ్చింది.

తమ్ముడు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, కిందికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు అతన్ని తప్పుకుని పోతున్నారు. కోపం ఇంకా తగ్గలేదేమో అనుకుంది అక్క. చాలాసేపటికి పైకి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“అక్కా, నువ్వు పలకమన్నప్పుడు ఆయన పలకట్లేదు. వాళ్ళావిడ వెక్కిరించినప్పుడు పలుకుతున్నాడు” అన్నాడు.

ఆ వానాకాలమంతా మాటలమ్మ, ఫోన్లు చూసే అమ్మాయి చందా ఆగినవాళ్ళకు ఫోన్లు చేశారు. కొందరు తిట్టారు, కొందరు పెట్టేశారు, కొందరు ఏడ్చారు. మా ఆయనకు మాటలొచ్చాయి తల్లీ, ఇప్పుడు ఆపడమే కష్టంగా ఉంది, వీలైతే కొన్ని వెనక్కి తీసుకోండి అంది ఒకావిడ. మనిషి ఉండీ మానేసినవాళ్ళు చాలామంది ఇంచుమించు ఒకటే చెప్పారు. ఎవరో ముక్కూ మొహం తెలియని టీచరు ముందు తడబడాలంటే సిగ్గని. తమ్ముడు మెట్ల మీద కూర్చుని ఆలోచించిందీ అదే. వాళ్ళు పాఠాలన్నిటినీ మళ్ళీ కట్టారు. పలికించే గొంతు ఇంట్లోవాళ్ళదే అయ్యేలా, భార్యో కొడుకో మనవరాలో మాటలు చెప్పి పెడితే, వాళ్ళు పనికి పోయినప్పుడు కూడా ఫోను ఆ గొంతుతోనే అడిగేలా. అది పూర్తయ్యేసరికి ఉన్న డబ్బంతా ఖర్చయిపోయింది. మాస్టారు జీతం మీదే రెండు ఇళ్ళూ గడిచిన నెలలున్నాయి.

గీత మళ్ళీ లేచింది, ఈసారి నెమ్మదిగా. చేరినవాళ్ళు నిలిచారు. పని అయిపోయి ఆపేసుకున్నవాళ్ళు తెలిసినవాళ్ళను పంపారు. ఆసుపత్రులు ఇంటికి వెళ్ళే రోగుల చేత దీన్ని పెట్టించి పంపడం మొదలుపెట్టాయి. ఇప్పుడు ఆ సంస్థకు రెండంతస్తుల ఆఫీసు ఉంది, వేరే భాషల వాళ్ళూ పనిచేస్తున్నారు. మాటలమ్మ గొంతు మాత్రం ఇప్పుడు చాలా ఇళ్ళలో వినబడదు. మొదట్లో ఆమెకు అది కొంచెం బాధగానే ఉండేదని మాస్టారు అంటాడు. వారానికి ఒకటి రెండు పూటలు ఆమె మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళి రోగులతో కూర్చుంటోంది.

నిలదొక్కుకోగానే ఆమె మొదట కబురు పెట్టింది వీడియోలు తీసే అతనికే. అతను రాలేదు. మళ్ళీ సొంతంగా స్టూడియో పెట్టుకున్నాడు, అది ఒక మోస్తరుగా నడుస్తోంది. ఒకరోజు రోడ్డు మీద ఎదురుపడితే, చూసి, తల పక్కకు తిప్పుకుని వెళ్ళిపోయాడు. పక్కనున్న తమ్ముడు, నేను వెళ్ళి మాట్లాడనా అక్కా అని అడిగాడు.

“వద్దులేరా. ఆయన కోపం ఆయనకుండనీ” అంది.

ఇద్దరూ ఆఫీసు దాకా నడిచారు.