గోధుమరంగు సముద్రం

మా మామయ్య దేన్నీ, ఎవరినీ నమ్మడు. డాక్టరు "మీకే జబ్బూ లేదు" అంటే "ఏదో దాస్తున్నాడు" అని ఇంకో డాక్టరు దగ్గరికి పరిగెడతాడు. అత్తయ్య తొలిసారి ఆయన ముందు పాట పాడినప్పుడు, తలుపు వెనక ఇంకెవరైనా పాడుతున్నారేమోనని లేచి చూసొచ్చాడట.

అలాంటి మనిషిని అత్తయ్యా నేనూ ఓ సముద్రతీరపు ఊరికి లాక్కెళ్లాం. ఒకప్పుడు పేరుమోసిన చిత్రకారులు వచ్చి బొమ్మలు వేసుకున్న ఊరు. గులాబీ ఇళ్లు, పసుప్పచ్చ ఇళ్లు, రేవు నిండా ఎర్ర పడవలు. మేమిద్దరం నోరు తెరుచుకు చూస్తుంటే, మామయ్య ఓ గోడను గోటితో గీకాడు.

"పగుళ్లు కనపడకుండా పూశారే ఈ రంగులన్నీ!"

"ఊరుకోండి, ఇంటావిడ చూస్తోంది," అంది అత్తయ్య.

"ఎందుకు చూస్తోందో అదీ కనుక్కోవాలి."

ఓ బండరాయి చూపించి, ఫలానా మహాచిత్రకారుడు దీనిమీదే కూర్చునేవాడన్నాడు గైడు.

"ఎవరు చూశారు?" అన్నాడు మామయ్య.

"అందరూ అంటారండీ."

"అందరూ అంటున్నారంటే ఒక్కడూ చూళ్లేదన్నమాట!"

ఆ తర్వాత గైడు మాకు కనిపించలేదు.

రేవులో ఓ ముసలావిడ గొడుగు కింద కూర్చుని బొమ్మలు వేస్తోంది. ఎదురుగా సముద్రం నీలంగా మెరుస్తుంటే, ఆవిడ బొమ్మలో మాత్రం గోధుమరంగు. చుట్టూ చేరినవాళ్లు "ఎంత కొత్త చూపు!" అని మెచ్చుకుంటున్నారు. నేనూ మెచ్చుకున్నాను. మామయ్య కళ్లు చిట్లించి, "ఇందులో ఏదో మతలబు ఉంది," అని గొణిగాడు.

మర్నాటి నుంచి భోజనం కాగానే ఆయన మాయం. ఎక్కడికంటే "గాలికి" అంటాడు. ఓసారి చొక్కా చేతిమీద నీలం మరకతో వచ్చాడు. అత్తయ్య ఆ మరకను తిప్పి తిప్పి చూసింది.

"ఇన్నాళ్లూ ఈయన లోకాన్నంతా అనుమానించారు. ఇక నా వంతు. పదవే అమ్మాయ్!"

ఆయన వెనకే వెళ్లి వలల గుట్ట చాటున నక్కాం. మామయ్య ముసలావిడ పక్కన పీట వేసుక్కూర్చుని ఉన్నాడు. రంగు ట్యూబులు ఒక్కొక్కటే ఆవిడ చేతిలో పెడుతూ గుసగుసలాడుతున్నాడు.

"అది గోధుమ, పక్కన పెట్టండి. ఇదిగో నీలం."

"ఎవరైనా చూస్తున్నారా బాబూ?"

"నేనుండగా ఎవడు చూస్తాడండీ!"

ఇంతలో ఒకాయన దగ్గరికొచ్చి "మీరెవరు?" అని అడిగాడు.

"ఈవిడ శిష్యుణ్ణి. తమరెందుకంత దగ్గరికొస్తున్నారు?" అని మామయ్య గుడ్లురిమేసరికి ఆయన వెనక్కి తగ్గాడు.

అత్తయ్య ఇక ఆగలేక బయటికొచ్చింది. మామయ్య గతుక్కుమని, మమ్మల్ని పక్కకి లాగాడు.

"అరవకే! ఆవిడకి చూపు ఆనట్లేదు. ట్యూబు మీది అక్షరాలు ముక్కుకి ఆనించుకున్నా కనపడట్లేదు. జనమేమో ఆహా ఓహో అంటున్నారు. పాపం, ఎవరితో చెప్పుకుంటుంది?"

"మా అమ్మాయికి తెలిస్తే ఇక కుంచె పట్టనివ్వదమ్మా," అంది ముసలావిడ తల దించుకుని. "డాక్టరు దగ్గరికెళ్లాలంటే భయం. కనపడదని తేల్చేస్తే?"

"ఆయన తేలిస్తే మాత్రం మనం నమ్మేస్తామా?" అన్నాడు మామయ్య.

ఆ మాటకి ఆవిడ నవ్వింది, డాక్టరు దగ్గరికి రావడానికి ఒప్పుకుంది. కూతురికి కూడా మామయ్యే నచ్చజెప్పాడు. మేం తిరుగుప్రయాణం వాయిదా వేసుకున్నాం. కళ్లలో శుక్లాలు, తీసేస్తే సరిపోతుందన్నాడు డాక్టరు. "అది సరే, మీ కళ్లు ఈమధ్య ఎవరికైనా చూపించుకున్నారా?" అని ఆయన్నీ నిలదీశాడు మామయ్య. ఆపరేషన్ అయ్యేదాకా ఆ గది తలుపు ముందునుంచి కదల్లేదు.

కట్టు విప్పిన రోజు ముసలావిడ మామయ్యను ఎగాదిగా చూసింది.

"రోజూ నా పక్కన కూర్చుంది మీరా? నేను నమ్మను. ఆ మనిషి ఇంత పొట్టిగా లేడు!"

మా మామయ్య మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"డాక్టరు గారూ, ఈవిడ కళ్లకి ఇక ఢోకా లేదండీ!" అన్నాడు.