విరిగిన చెయ్యీ, ఆది జాకెట్లూ

క్రిస్మస్ పది రోజులుందనగా బాత్రూములో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. నాయుడుపేటలో మా ఇంటి ముందు గదే నా టైలరింగు షాపు. చర్చి ఆడవాళ్ల పండగ జాకెట్లన్నీ గుడ్డలుగానే పడున్నాయి. ఏడాది పొడుగునా నాకు పేరు నిలిచేదీ, పోయేదీ ఆ పది రోజుల్లోనే.

మూడో రోజు స్త్రీల సమాజం వాళ్లు పరామర్శకు వచ్చారు. ప్రాణం లేచొచ్చింది. ఎడమచేత్తోనే టీ పెట్టిచ్చాను. అందరికన్నా పెద్దావిడ ప్రార్థన ఎత్తుకుంది. "ప్రభువా, ఈ బిడ్డ గర్వం అణచడానికే గదా ఈ చెయ్యి విరిచినావు!" ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి ఎవరి గుడ్డ వాళ్లు, కొలతకిచ్చిన ఆది జాకెట్టుతో సహా, ఏరుకుంటున్నారు. "నీకెందుకులేమ్మా శ్రమ" అంటూ వెనక వీధి టైలరు దగ్గరికి పట్టుకుపోయారు.

"దీన్నే ఇంగ్లీషులో కిక్ ఇన్ ద టీత్ అంటారు మా, పళ్ల మీద తన్నడం" అంది కాలేజీ చదివే మా అమ్మాయి.

"పళ్లు బాగానే ఉండాయి. ఒక్కొక్కరినీ కొరకాలనుంది" అన్నాను. నవ్వాను గానీ, ఆ పూట అన్నం దిగలేదు.

మర్నాడు పొద్దున్నే వెనక వీధి టైలరు రెండు సంచులతో దిగింది. "అక్కా, ఒక్క ఆది జాకెట్టన్నా మనిషికి పట్టేటట్టు లేదు. నువ్వెట్ట కుడతా ఉన్నావు?"

పట్టదు మరి. అవన్నీ ఎప్పటివో, ఆ తర్వాత అందరూ ఒళ్లు చేశారు. ఎవరికెంత వదులు పెట్టాలో నా కంటికి తెలుసు. ఆ మాట పైకి అంటే అలుగుతారు.

నేను కుర్చీలో కూర్చుని చెప్పాను, ఆమె నా మిషను మీదే కుట్టింది. పెద్దావిడ జాకెట్టు వచ్చినప్పుడు, "చంక దగ్గర అరంగుళం బిగించు" అన్నాను.

"వద్దులే అక్కా, స్తుతి చేసేటప్పుడు చేతులెత్తాలి గదా ఆమె" అని పడీపడీ నవ్వింది. వచ్చిన వాళ్లందరికీ, "అక్క కుట్టించింది" అనే చెప్పి ఇచ్చింది.

పండగ ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి కట్టు చేత్తోనే లేచాను. వెనక వీధి టైలరు షాపు తెరిచిన రోజు నుంచీ అది మూతపడాలని మోకాళ్ల మీద ప్రార్థన చేసినదాన్ని నేనేనని అందరి ముందూ ఒప్పుకున్నాను. ఆ ప్రార్థన ఆలకించనందుకు దేవుడికి స్తోత్రం చెప్పి కూర్చున్నాను.