కమాను మీది వంకరముక్కు

మా వీధిలో వంకరముక్కు మేస్త్రి ఇల్లెక్కడంటే కుక్కలు కూడా దారి చూపిస్తాయి. ఆ ముక్కు ఆయనకి ముత్తాత ఇచ్చిన ఆస్తి. నమ్మనివాళ్లు పెద్ద చర్చిలోకి వెళ్లి, బలిపీఠం మీది కమాను కేసి తలెత్తి చూసేవాళ్లు. అక్కడ గోడ మీద వేసిన రంగుల బొమ్మలో పశువుల పాకలో బాలయేసు, చుట్టూ గొర్రెల కాపరులు. చివరి కాపరి ముక్కు కుడిపక్కకి తిరిగిపోయి ఉండేది. చర్చి కట్టేటప్పుడు బొమ్మలు వేసే ఫాదర్ గారికి కాపరి మొహం కుదరక, పరంజా మీద సున్నం మోస్తున్న ముత్తాతనే చూసి దించేశారట.

కట్టడమంటే అదీ! గోడ మందంలో ఒక సంసారం కాపురం పెట్టొచ్చు. స్తంభాల పక్కన ఏనుగు నిలబడితే సిగ్గుతో చిక్కిపోతుంది. అంతా ఇటుక, గానుగలో నూరిన సున్నమే. ఎండాకాలం లోపలికి వెళ్తే నీళ్లకుండలో దిగినట్టుండేది.

మేస్త్రి తన పెళ్లిచూపులకి అత్తారివాళ్లని ఆ కమాను కిందే నిలబెట్టాడు.

"బొమ్మని చూపించి చేసుకున్నాడమ్మా! మనిషిని చూపిస్తే మా నాన్న ఇచ్చేవాడా?" అని పిన్ని, అంటే మేస్త్రి భార్య, ఇప్పటికీ దెప్పుతుంది.

వాళ్లకి పిల్లల్లేరు. ఆ ముక్కు ఇక గోడ మీదే బతకాలి. పూజ జరుగుతున్నంతసేపూ మేస్త్రి మెడ పైకే ఉండేది.

"పీఠాన్ని చూడవయ్యా, నీ ముత్తాత ఎక్కడికీ పారిపోడు!" అని పిన్ని మోచేత్తో పొడిచేది.

ఒక వానాకాలం కమాను మీద చెమ్మ పాకుతూ కాపరి చెవిదాకా వచ్చింది. మేస్త్రికి ప్రాణం పోయినంత పనైంది. పుట్టి బుద్ధెరిగాక సున్నం తప్ప ముట్టని మనిషి, ముత్తాత మీద ప్రేమకొద్దీ సిమెంటు కలిపాడు. మొహం చుట్టూ ఇనుపకోటలా దట్టంగా మెత్తాడు.

సున్నపు గోడ తాగిన నీళ్లని మెల్లగా గాలికి వదిలేస్తుంది. సిమెంటు మూత వేసినట్టు బిగిసిపోయింది. బయటికి దారిలేని చెమ్మ ఏళ్ల తరబడి మొహం వెనకే ఊరింది.

మొన్న పూజ మధ్యలో ఒక పెచ్చు పాటలవాళ్ల ముందు ఊడిపడింది. కమాను మీద పాత సున్నపు గారంతా కొట్టేయాలన్నారు ఇప్పటి ఫాదర్ గారు. ఆ పని తెలిసింది ఇంకెవరికి? మేస్త్రినే పిలిచారు.

"ఫాదర్, ఆ ఒక్క మొహం కోసి తీసుకుంటాను."

"వస్తే తీసుకో నాయనా. నాకేం అభ్యంతరం?"

మేస్త్రి పరంజా ఎక్కి, పసిబిడ్డకి నీళ్లు పోసినంత మెల్లగా ఉలి ఆడించాడు. కింద పిన్ని దుప్పటి పరుచుకుని నిలబడింది. సిమెంటు మాత్రం చెక్కుచెదరకుండా చక్రంలా ఊడి చేతికొచ్చింది. నడుమ మొహం లేదు. అది పిండిలా రాలి దుప్పట్లో పడింది.

"ముక్కైనా దొరికిందా?" అన్నాడు పైనుంచి.

పిన్ని ఆ పొడిని వేళ్లతో కెలికింది. 

"దిగిరావయ్యా," అంది.

కమానుకి మేస్త్రే కొత్త గార పూశాడు. మళ్లీ బొమ్మ వేసేవాళ్లు లేరు. ఇప్పుడు పూజలో ఆయన కళ్లు పీఠం మీదే ఉంటున్నాయి. పైకి చూసేది పిన్ని. అక్కడ తెల్లటి సున్నం తప్ప ఏమీ లేదు.