మామగారి ఆదివారాలు

మా మామగారు పోయారు. మంగళవారం పొద్దున ఆఫీసుకు బయల్దేరబోతుంటే అత్తయ్యగారు ఫోన్ చేసి, "మీ మామగారు లేవడం లేదు బాబూ" అన్నారు. సెంగ్‌కాంగ్‌లోని మా ఇంటి నుంచి మేము టాక్సీలో బిషాన్‌లో వాళ్ళింటికి వెళ్ళేసరికి డాక్టరు వచ్చి వెళ్ళిపోయాడు. ముందురోజు మామూలుగానే అన్నం తిని, జపమాల చెప్పుకొని పడుకున్నారట. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోయారని వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. కాస్త ఇబ్బంది పెడితే ఏం పోయేది? ఒక పూట దగ్గర కూర్చునేవాణ్ణి.

మామగారు కాకముందు ఆయన ఆఫీసులో నా టీమ్ లీడ్. వై టూ కే కంప్యూటర్ ఉద్యోగాల రోజుల్లో మన కుర్రాళ్ళు సూట్‌కేసులతో గుంపులు గుంపులుగా సింగపూర్‌లో దిగుతుంటే నేనూ తణుకు నుంచి వచ్చి దిగాను. ఆయనది గుంటూరు వైపు, తాతల నాటి కేథలిక్కు కుటుంబం. నేను వచ్చేసరికే భార్యాపిల్లలతో ఇక్కడ స్థిరపడ్డారు. క్లయింటు ఆదివారం కూడా రమ్మంటే మేమంతా బుద్ధిగా తలలూపేవాళ్ళం. ఆయన ఒక్కరే, "పొద్దున నాకు గుడి, తర్వాత మా ఇంట్లో భోజనం. మూడింటికి వస్తా" అని చెప్పేసేవారు. చెప్పినట్టే వచ్చేవారు కూడా. చర్చిని గుడి అనీ, అక్కడ జరిగేదాన్ని పూజ అనీ అనేవారు. వాళ్ళ ఇళ్ళలో అలాగే అంటారని నాకు అప్పుడే తెలిసింది.

ఒకసారి హాంకాంగ్‌లో పెద్ద ఉద్యోగం ఇస్తామన్నారు. "రాత్రి అన్నానికి ఇంటికి రాలేని ఉద్యోగం నాకెందుకయ్యా" అని వదిలేసుకున్నారు. మేమంతా చెవులు కొరుక్కున్నాం. ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు.

ఒంటరిగా ఉండే మాలాంటి కుర్రాళ్ళను ఆదివారం భోజనానికి పిలిచేవారు. అత్తయ్యగారి కోడివేపుడు కోసం నేను మరీ ముందే వెళ్ళిపోయాను ఒకసారి. వాళ్ళు గుడికి బయల్దేరుతున్నారు. "ఖాళీగా కూర్చుని ఏం చేస్తావు, నువ్వూ రా" అన్నారాయన. వెళ్ళాను. పూజ మధ్యలో అందరూ లేచి వరసలో నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. ఫాదర్ నా చేతిలో తెల్లటి పలచని అప్పం పెట్టారు. కళ్ళకద్దుకున్నాను. అక్కడికక్కడే నోట్లో వేసుకోవాలని నాకేం తెలుసు! ప్రసాదం కదా, రూమ్మేట్‌కు కూడా కొంచెం పెడదామని చొక్కా జేబులో పెట్టుకున్నాను.

వెనకనుంచి వాళ్ళమ్మాయి చూసింది. "డాడీ, జేబులో పెట్టేశాడు లా!" అంది సింగపూర్ యాసలో. ఆ అమ్మాయే ఇప్పుడు మా ఆవిడ.

వాళ్ళకు అది సాక్షాత్తూ క్రీస్తు శరీరం. జ్ఞానస్నానం పొందిన కేథలిక్కులే తీసుకోవాలి, జేబులో పెట్టుకోవడమనే మాటే లేదు. ఆయన ముఖం పాలిపోయింది. అయినా కసరలేదు. నా భుజం పట్టుకొని ఫాదర్ దగ్గరికి తీసుకెళ్ళి, "తప్పు ఇతనిది కాదు ఫాదర్. పిలిచి తీసుకొచ్చి చెప్పకపోయిన నాది" అన్నారు. ఫాదర్ దాన్ని తీసుకొని తనే భక్తిగా స్వీకరించారు. నాకు సిగ్గుతో చచ్చినంత పనయింది. ఇంటికి నడిచి వస్తుంటే ఆయనే అన్నారు, "కళ్ళకద్దుకున్నావు చూడు, అది బాగుందయ్యా. మా పిల్లలకు ఆ మాత్రం భయభక్తులు లేవు."

కొన్నాళ్ళకు వాళ్ళమ్మాయిని చేసుకుంటానని చెప్పడానికి ఆయన్ను హాకర్ సెంటర్‌లో, చిన్న చిన్న తిండి కొట్ల మధ్యకు, టీకి పిలిచాను. ఈ మనిషి నన్ను ఇంట్లోకి రానిస్తారా లేదా అన్నదే నా బెంగ. అందుకే ముందుగానే, "నేను మతం మారతానండీ" అన్నాను.

"ఎవరికోసం?"

"మీ అమ్మాయి కోసమే."

"అయితే వద్దు. రేపు మీ ఇద్దరికీ పోట్లాటొస్తే దేవుడి మీద కూడా అలుగుతావు." టీ తాగడం పూర్తిచేసి, "పిల్లలకు మాత్రం జ్ఞానస్నానం ఇప్పించాలి. అది మీ అమ్మగారికి ఇప్పుడే చెప్పు, తర్వాత దాచావనిపించుకోకు. గుడిలో పెళ్ళికి అనుమతి సంగతి నేను చూసుకుంటా" అన్నారు.

ఆయన రోజూ పొద్దున గుమ్మం దగ్గర తన పిల్లల నుదుట బొటనవేలితో సిలువ గుర్తు వేసి పంపేవారు. పెళ్ళయిన మర్నాడు నా వంతు వచ్చింది. మా అమ్మ నా నుదుట పెట్టిన కుంకుమబొట్టు చూసి ఆయన వేలు ఆగింది. "నీకూ పెట్టనా?" అని అడిగారు. ఊఁ అన్నాను. బొట్టు చెదరకుండా దాని పైన వేశారు.

నేను మతం మారలేదు. ఆదివారాలు మాత్రం వాళ్ళతో గుడికి వెళ్తూనే ఉన్నాను. అందరూ ప్రసాదానికి లేచినప్పుడు నేను మోకాళ్ళు పక్కకు తిప్పి దారి ఇచ్చేవాణ్ణి. ఖాళీ అయిన బెంచీలో ఒక్కణ్ణే కూర్చుంటే, పెళ్ళయి ఎన్నేళ్ళయినా ఆ కాసేపూ బయటివాణ్ణే అనిపించేది. ఆయనకు ఎలా తెలిసిందో గాని, మా వరసలో చివరగా లేచి, అందరికన్నా ముందు వచ్చి నా పక్కన మోకరించేవారు. మీరు తొందరపడకండి మామయ్యా అంటే, "ఒక్కడివే కూర్చుంటే తప్పిపోయి వచ్చావనుకుంటారు" అని నవ్వేవారు. గుడి బయట చుట్టాలు "అల్లుడు ఇంకా మారలేదా?" అని ఆరా తీసేవారు. "మా బెంచీలోనే కూర్చుంటాడుగా, ఇంకేం కావాలి మీకు?" అనేవారు.

గురువారం అంత్యక్రియల పూజ. ఆయన పెట్టెను మేము కూర్చున్న మొదటి బెంచీ పక్కన, నడవాలో ఉంచారు. ప్రసాదం వేళకు అత్తయ్యగారు లేచారు, మా ఆవిడ లేచింది, పిల్లలు లేచారు. మోకాళ్ళు తిప్పి దారి ఇచ్చాను. వెనక బెంచీలన్నీ కూడా ఖాళీ అయ్యాయి. ఈసారి ఆయన వరసలోకి వెళ్ళలేదు. పెట్టె వైపు బెంచీ చివరికి జరిగి కూర్చున్నాను. వాళ్ళు తిరిగి వచ్చేదాకా మేమిద్దరమే ఉన్నాం.