నాది తప్పని రికార్డు చేసిన రోజు

జహీరాబాద్ హైవే పక్కన నాది ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు. ఇరవై ఏళ్లుగా చెవితోనే బండి రోగం కనిపెట్టేవాణ్ణి. కొత్త రకం బండ్లు వచ్చాక నా చెవి తెల్లమొహం వేసింది. సిగ్గు మింగి, మెకానిక్కులు ఫోన్లో నడుపుకునే ఒక గ్రూపులో చేరాను. బీదర్, ఉద్గీర్, నారాయణఖేడ్ వాళ్లున్నారందులో. బండి చప్పుడు రికార్డు చేసి పెడితే, తెలిసినవాళ్లు రోగం చెబుతారు. చెప్పింది తప్పయితే మాత్రం "నాది తప్పు" అని సొంత గొంతుతో రికార్డు పెట్టాలి. పెట్టేదాకా ఆ తప్పు చెప్పినవాళ్ల ప్రశ్నలకు ఎవరూ జవాబివ్వరు.

నెల రోజులు నోరు మూసుకుని విని బోలెడు నేర్చుకున్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఒకరోజు బీదర్ మెకానిక్ ఒకతను, బండి లాగడం లేదంటూ చప్పుడు పెట్టాడు. టకటకమని వినిపించింది. ఇంజన్ లోపలి ట్యాపెట్లు వదులయ్యాయని ఐదు నిమిషాలు ఉపన్యాసం దంచాను. పాపం, అతను సగం రోజు ఇంజన్ పైమూత విప్పి, బిగించి, సాయంత్రం జవాబు పెట్టాడు.

"ఇంజన్ బంద్ చేసినా టకటక వస్తున్నదన్నా. పక్క దుకాణంల కుట్టుమిషన్ చప్పుడది."

గ్రూపంతా నవ్వు బొమ్మలే. నేను నెట్ లేనివాడిలా రెండు రోజులు నక్కాను. సరిగ్గా రికార్డు చేయని అతనిదే తప్పని నాలో నేనే వాదించుకుని గెలిచాను కూడా.

మూడో రోజు ఝరాసంగం రైతు ఒకాయన కొత్త ట్రాక్టర్ తెచ్చాడు. పది నిమిషాలు బాగానే నడిచి ఆగిపోతోంది. కాసేపాగితే మళ్లీ స్టార్టవుతోంది. ఫిల్టర్లు మార్చాను, పైపులు ఊదాను. లాభం లేదు.

"అల్లం విత్తనం మొలకలొచ్చి కూసున్నది. రేపు చేన్ల బోదెలు తోలి నాటకపోతే ఖరాబైతది. నీతోని కాదంటే చెప్పు, సదాశివపేటకు తీస్కపోత," అన్నాడాయన.

నాకు నిజంగానే భయమేసింది. షెడ్డు వెనక్కి వెళ్లి ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాను. మొదటిసారి దగ్గొచ్చింది. రెండోసారి "నాది కొంచెం తప్పు" అని వచ్చింది. నాలుగోసారికి సరిగ్గా పలికి పంపాను. వెంటనే నా బండి గోడు కూడా వెళ్లబోసుకున్నాను.

గ్రూపులోని నారాయణఖేడ్ ముసలి మెకానిక్ ఒకాయన నిమిషాల్లో పలికాడు. "డీజిల్ ట్యాంకు మూత జర తీసి నడిపి చూడు బిడ్డా."

మూతకున్న చిన్న రంధ్రం మట్టితో పూడుకుపోయింది. గాలి ఆడక డీజిల్ దిగడం లేదు, అంతే. పిన్నీసుతో పొడిచాను. అరగంట నడిపినా బండి ఆగలేదు. రైతు ఎక్కి వెళ్లిపోయాడు.

వెనక్కి తిరిగితే నా భార్య అన్నం గిన్నెతో నిలబడి ఉంది. నేను షెడ్డు వెనక పడ్డ పాట్లన్నీ విన్నదట.

"పెండ్లయి పద్దెనిమిదేండ్లాయె. గా మాట నీ నోట్లకెళ్లి ఒక్కనాడు వినలే. నాక్కూడ పంపు," అంది.

"నీకెందుకు? అది గ్రూపు పని."

"ఎందుకో నాకు ఎరుకే. నువ్వు పంపు."

పంపాను. అక్కడే నిలబడి రెండుసార్లు విన్నది. మొదటిసారి పగలబడి నవ్వింది. రెండోసారి నవ్వలేదు.